లీటర్ బైక్‌ని రోజూ వాడొచ్చా? అసలు ఎంతవరకు నమ్మొచ్చు?

సైలెంట్_పిస్టన్
సెకండ్ హ్యాండ్‌లో ఒక వెయ్యి సీసీ (అదే, లీటర్) స్పోర్ట్ బైక్ తీసుకున్నాను, నాలుగు సిలిండర్లది. ఆశ తీరింది కానీ మనశ్శాంతి పోయింది. ట్రాఫిక్‌లో కాసేపు ఇరుక్కుంటే చాలు, మీటర్లో ఇంజన్ వేడి 104, 106 డిగ్రీలంటూ అంకె ఎక్కుతూ పోతుంది, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, ఆ వేడి గాలంతా తొడల మీదికే. అది చాలదన్నట్టు కొన్నాళ్ళు బయటికి తీయకపోతే స్టార్టర్ నొక్కగానే టకటకమని ఊరుకుంటుంది. బ్యాటరీ పాతదేమోనని కొత్తది వేయించాను, కొంతకాలానికి మళ్ళీ అదే వరస. ఆఫీసులో అందరూ "ఇవి రేసు బళ్ళు, రోజూ వాడితే ఇంజన్ పోతుంది" అని భయపెడుతున్నారు. నిజంగా వీటిని నమ్ముకుని రోజూ తిరగొచ్చా, లేక దెబ్బ పెద్దది కాకముందే అమ్మేయాలా? కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే నాకు జవాబు రాదు, ఇక్కడ యుద్ధం వస్తుంది.

నత్తనడక_150
అమ్మేయండి. నాకే.

రెడ్‌లైన్_రాజా
పేరు చెప్పకపోయినా యుద్ధం వస్తుంది, కంగారు పడకండి.

స్పానర్_బాబాయ్
ఇంజన్ పోతుంది అనేవాళ్ళలో ఇంజన్ విప్పి చూసినవాళ్ళు ఎంతమంది? ముందు ఆ భయం తీసెయ్ తమ్ముడూ. నీ బండి ఆరో గేర్లో 100 కి.మీ. వేగంతో పోతుంటే ఇంజన్ 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చుట్టుపక్కల తిరుగుతుంది. ఆ వేగానికి కావాల్సింది 15 హార్స్‌పవర్ లోపే. 180, 200 హార్స్‌పవర్ ఇవ్వడానికి, 13 వేల పైన తిరగడానికి కట్టిన ఇంజన్‌కి అది పని కిందే లెక్క కాదు. నమ్మకం లేకపోతే కంపెనీలు రాసుకున్న సర్వీస్ షెడ్యూల్ చూడు. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సన్నటి సందు) చూడమనేది యమహా ఆర్1కి దాదాపు 40,000 కి.మీ.కి ఒకసారి, బీఎండబ్ల్యూ ఎస్1000ఆర్‌ఆర్‌కి 30,000కి. రేపో మాపో పోయే ఇంజన్‌కి ఎవరూ అలాంటి గడువు రాయరు.

టెంపరేచర్ సంగతి. 104, 106 మామూలే. చాలా బళ్ళలో ఫ్యాన్ తిరగడం మొదలయ్యేదే 100–105 దగ్గర. కూలెంట్ అంటే ఉత్త నీళ్ళు కాదు కదా, సగం గ్లైకాల్ ఉంటుంది, పైగా రేడియేటర్ మూత లోపల ఒత్తిడి పట్టి ఉంచుతుంది, కాబట్టి 120 దాటితే గానీ అది మరగదు. భయపడాల్సింది ఎప్పుడంటే, ఫ్యాన్ తిరుగుతున్నా అంకె 115 దాటి ఇంకా ఎక్కుతుంటే, బండి కదిలి గాలి తగిలాక కూడా దిగకపోతే, లేదా రిజర్వ్ డబ్బాలో కూలెంట్ నెల నెలా తగ్గుతుంటే. ఒకసారి రేడియేటర్ రెక్కల్లోకి టార్చి వేసి చూడు. మట్టి, పురుగులు, చిన్న రాళ్ళ దెబ్బలకి వంగిన రెక్కలు, వీటితోనే సగం గాలి ఆగిపోతుంది. కడిగేటప్పుడు ప్రెషర్ పంపు మాత్రం దగ్గర పెట్టొద్దు, ఉన్న రెక్కలు కూడా పడుకుంటాయి.

బ్యాటరీ కొత్తదేసినా మళ్ళీ అదే కథ అన్నావు చూశావా, నాకు అసలు అనుమానం అక్కడే. బ్యాటరీ చచ్చిపోవట్లేదు, దాన్ని ఎవరో చంపుతున్నారు. వైరింగోడా, ఎక్కడున్నావ్?

వైరింగ్_పిచ్చోడు
వచ్చా బాబాయ్.

సైలెంట్ బ్రో, మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు, ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు. రాత్రంతా బండి ఆపి ఉంచి పొద్దున్నే బ్యాటరీ మీద వోల్టేజ్ చూడండి, 12.6 నుంచి 12.8 దాకా ఉండాలి. తర్వాత స్టార్ట్ చేసి, కాసేపు వేడెక్కాక, 5,000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని మళ్ళీ చూడండి. 13.8 నుంచి 14.5 మధ్యలో వస్తే చార్జింగ్ బాగున్నట్టు. 13 దగ్గరే తచ్చాడుతుంటే స్టేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది), రెగ్యులేటర్ (ఆ కరెంటుని హద్దులో పెట్టేది), వాటి మధ్య కనెక్టర్, ఈ మూడింట్లో ఒకటి దొంగ. 15 దాటితే రెగ్యులేటర్ పోతున్నట్టు, అది ఇంకా ప్రమాదం, బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది.

ఇంకొకటి. బండి ఆఫ్‌లో ఉండగా నెగటివ్ వైరు తీసి మధ్యలో మీటర్ పెట్టి ఎంత కరెంటు లాగుతుందో చూడండి. కొన్ని మిల్లీయాంపులు ఉంటే మామూలే, గడియారానికీ, ఇంజన్ కంప్యూటర్‌కీ (ఈసీయూ) అంత కావాలి. అలారం, ట్రాకర్ లాంటివి పాత యజమాని పెట్టి ఉంటే అవి నిద్రపోకుండా తాగుతూనే ఉంటాయి. ఈ లెక్క తీసేటప్పుడు స్టార్టర్ మాత్రం నొక్కకండి, మీటర్లో ఫ్యూజు పోతుంది.

వీకెండ్_వీరుడు
ఇంత దేనికి, వాడని రోజుల్లో పొద్దున్నే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి వదిలేస్తే సరిపోతుంది. మేమంతా అదే చేస్తాం.

స్పానర్_బాబాయ్
@వీకెండ్_వీరుడు అదే చేయకూడదు అంటున్నా. స్టార్ట్ అయ్యేటప్పుడు బ్యాటరీలోంచి పోయిన చార్జి ఐడిల్‌లో ఐదు నిమిషాలకి తిరిగి రాదు. పైగా ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే లోపల పట్టిన తేమ ఆవిరి కాదు, ఆయిల్లోకి దిగుతుంది. బండి తీస్తే అరగంటైనా తిప్పు, లేకపోతే ముట్టుకోకు, మెయింటెనర్ చార్జర్ (బ్యాటరీని నిండుగా పట్టి ఉంచేది) తగిలించి నిద్రపో.

వీకెండ్_వీరుడు
ఐదేళ్ళుగా చేస్తున్నా, ఏమీ కాలేదు.

వైరింగ్_పిచ్చోడు
ఈ ఐదేళ్ళలో బ్యాటరీ ఎన్నిసార్లు మార్చారో కూడా చెప్పండి.

వీకెండ్_వీరుడు
అది వేరే విషయం.

రెడ్‌లైన్_రాజా
ఇంజన్ గట్టిది, సరే, ఒప్పుకుంటా. కానీ "రోజూ వాడొచ్చు" అని ఇంత తేలిగ్గా చెప్పేస్తే ఎలా బాబాయ్? లీటర్ బైక్ మొదటి గేర్ ఒక్కటే 150 కి.మీ. దాకా లాగుతుంది. దాన్ని తిరగేసి లెక్కేస్తే ఐడిల్‌లో, అంటే 1,200 ఆర్‌పీఎం దగ్గర, క్లచ్ పూర్తిగా వదిలితే బండి 13 కి.మీ. వేగంతో పోవాలి. ముందు కారు 5 కి.మీ. వేగంతో పాకుతుంటే మనం ఏం చేస్తాం? సగం క్లచ్ మీద ఈడుస్తాం. ఇంటి నుంచి ఆఫీసు దాకా అంతే. నా బండిలో క్లచ్ ప్లేట్లు విప్పి చూస్తే నీలం రంగుకి తిరిగి ఉన్నాయి, రోడ్డు మీద ఎవడితోనూ పందెం వేసింది లేదు, ఉత్త ట్రాఫిక్ దెబ్బ. ట్రాక్ మీద వారానికొకసారి ఉతికే నా స్నేహితుడి బండిలో క్లచ్ ఇంకా కంపెనీదే. రేసు బండిని చంపేది రేసు కాదు, సిగ్నల్.

నత్తనడక_150
"చంపేది రేసు కాదు, సిగ్నల్". టీ షర్టు మీద వేయించుకుంటా.

క్లిప్ఆన్_కవిత
రాజా గారి లెక్క సరిగ్గానే ఉంది కానీ ఈడ్చే పద్ధతిలోనే తేడా. నేను రోజూ వాడుతున్నదాన్ని, 600 క్లాసు నాలుగు సిలిండర్ల బండి, వర్షంలో కూడా. ముందు కారుని అంటుకుని పోవాలన్న ఆత్రం మానేస్తే సగం క్లచ్ పని తగ్గుతుంది. కాస్త ఖాళీ రానిచ్చి, క్లచ్ వదిలి ఐడిల్ మీద దొర్లించి, మళ్ళీ పూర్తిగా నొక్కి ఆపడమే. మధ్యలో హారన్లు కొడతారు, కొట్టనివ్వండి. సిగ్నల్ దగ్గర గేర్లో పెట్టి క్లచ్ పట్టుకుని నిలబడేవాళ్ళని చూస్తే నాకు చేతులు నొప్పెడతాయి. న్యూట్రల్ చేయండి, ఎక్కువసేపు ఆగేలా ఉంటే ఆపేయండి. ఫ్యాన్ ఊదే వేడి కూడా తగ్గుతుంది.

చేతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. కొత్తగా క్లిప్ఆన్ (కిందికి ఉండే రెండు విడి ముక్కల) హ్యాండిల్ బండి ఎక్కినవాళ్ళు మణికట్ల మీద బరువు మోపి, నెల తిరిగేసరికి బండిని తిడతారు. బరువు పట్టాల్సింది మోకాళ్ళూ నడుమూ. ట్యాంక్‌ని రెండు మోకాళ్ళతో బిగించి పట్టుకుని, మోచేతులు వదులుగా ఉంచి చూడండి. తక్కువ వేగంలో గాలి ఛాతీని వెనక్కి నెట్టదు కాబట్టి ఊళ్ళోనే నొప్పి ఎక్కువ, హైవే మీద హాయి. క్లచ్ లివర్ కోణం కొంచెం కిందికి తిప్పి, మీ వేళ్ళకి దగ్గరయ్యేలా సర్దుకోండి. కంపెనీ ఎలా పంపితే అలాగే వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు.

సైలెంట్_పిస్టన్
కవిత గారూ, లివర్ సర్దొచ్చని నిజంగా నాకు తెలియదు, ఇప్పుడే వెళ్ళి చూస్తా. బాబాయ్ చెప్పినట్టు రేడియేటర్లోకి టార్చి వేసి చూశాను, కింది భాగమంతా ఎండిన బురద. వైరింగ్ అన్న చెప్పిన మీటర్ రేపు తెస్తాను.

టార్క్_తాత
పిల్లలూ, ఒక విషయం మరిచిపోతున్నారు. "ఈ కంపెనీ నమ్మదగ్గది, ఆ కంపెనీ కాదు" అని కొట్టుకోవడం దండగ. ఏ మోడల్, ఏ సంవత్సరం, రీకాల్ (లోపం ఉందని కంపెనీయే బళ్ళు వెనక్కి పిలిచి బాగుచేయడం) ఉందా, ఉంటే ఆ పని చేయించారా, అడగాల్సింది ఇది. యమహా అంటే కళ్ళు మూసుకుని కొంటారు కదా, 2015లో పూర్తిగా కొత్తగా వచ్చిన ఆర్1కి రెండో గేర్ విరిగే ప్రమాదం ఉందని రీకాల్ పెట్టి గేర్‌బాక్సే మార్చి ఇచ్చారు. అంటే చెడ్డ బండి అనా? కాదు. మార్చిన బండి నిక్షేపంలా తిరుగుతుంది. మార్చని బండి నీ చేతికొస్తే నీ ఖర్మ. ఫ్రేమ్ నంబర్ పట్టుకుని కంపెనీని అడిగితే చెప్పేస్తారు. కొత్త ఇంజన్ వచ్చిన మొదటి ఏడాది నేను ఏ కంపెనీదీ కొనను.

కంపెనీ చెప్పే అంకెలన్నీ వేదం కూడా కాదు. 2006 ఆర్6 గుర్తుందా ఎవరికైనా? 17,500 ఆర్‌పీఎం రెడ్‌లైన్ (ఇంజన్ తిరగగల హద్దు) అని ఊదరగొట్టారు. తీరా చూస్తే మీటర్ ఎక్కువ చూపిస్తోంది, అసలు ఇంజన్ తిరిగేది 16,200 దగ్గర. ఒప్పుకుని, అసంతృప్తి ఉన్నవాళ్ళ బండి వెనక్కి తీసుకుంటామన్నారు.

రెడ్‌లైన్_రాజా
తిరిగిచ్చినవాడు ఒక్కడైనా ఉంటాడా తాతా?

టార్క్_తాత
ఆ కూత విన్నాక ఎవడిస్తాడురా.

ట్విన్_ప్రేమికుడు
ఇంత బాధ ఎందుకు, రోజూ తిరగాలంటే రెండు సిలిండర్ల బండి తీసుకోవచ్చు కదా. యమహా ఆర్7, 689 సీసీ, కింది ఆర్‌పీఎంలోనే లాగుతుంది, గేర్లు పొట్టివి, వేడి తక్కువ. కాస్త ఎక్కువ కావాలంటే అప్రీలియా ఆర్‌ఎస్660, దాదాపు 100 హార్స్‌పవర్. 200 హార్స్‌పవర్‌లో 150 మీరు ఎప్పుడూ వాడరు. వాడని దానికోసం వేడి, టైర్లు, పెట్రోలు అన్నీ మోస్తున్నారు.

రెడ్‌లైన్_రాజా
వాడను. కానీ ఉందని తెలుసు. అది చాలు నాకు.

ట్విన్_ప్రేమికుడు
ఈ ఒక్క వాక్యం కోసమే ఆ బళ్ళు అమ్ముడవుతున్నాయి.

క్లిప్ఆన్_కవిత
ట్విన్ గారు చెప్పినదాంట్లో తప్పు లేదు, కానీ సైలెంట్ గారు ఇప్పటికే కొనేశారు. వాల్వ్ షెడ్యూల్ గురించి బాబాయ్ చెప్పింది ఆర్1కీ బీఎండబ్ల్యూకీ. డుకాటి పానిగాలే వీ4 వాళ్ళు ఆ లెక్కలో ఉంటే దెబ్బతింటారు.

స్పానర్_బాబాయ్
అవును, మంచి మాట గుర్తు చేశావమ్మా. పానిగాలే వీ4కి 24,000 కి.మీ.కి చూడాలి, అందులో డెస్మో పద్ధతి, అంటే వాల్వ్‌ని తెరిచేదీ మూసేదీ కూడా రాకరే, స్ప్రింగ్ కాదు. ఒక్కో వాల్వ్‌కి తెరిచే వైపు ఒక క్లియరెన్స్, మూసే వైపు ఒకటి. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, ముప్పై రెండు కొలతలు. పని తెలిసినవాడికే రోజంతా పడుతుంది. అదే కంపెనీ మల్టీస్ట్రాడా వీ4 ఇంజన్‌కి స్ప్రింగులు పెట్టి 60,000 కి.మీ. అంది. అంటే ఏ బండి దేనికోసం కట్టారో వాళ్ళే చెప్పేశారన్నమాట.

సైలెంట్_పిస్టన్
రీడింగ్‌లు తీశాను. పొద్దున్న ఆపి ఉన్నప్పుడు 12.4. స్టార్ట్ చేశాక ఐడిల్‌లో 13.2. 5,000 ఆర్‌పీఎం దగ్గర పెరగాల్సింది పోయి 12.9కి దిగింది. ఆఫ్‌లో కరెంటు లాగడం 3 మిల్లీయాంపులే. ఇది రెగ్యులేటరా?

వైరింగ్_పిచ్చోడు
ఆగండి, వెంటనే రెగ్యులేటర్ కొనేయకండి. అందరూ అదే కొంటారు, తర్వాత అది కూడా కాలుతుంది.

ముందు వీటి పని చెప్తా, అప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. చాలా స్పోర్ట్ బైకుల్లో షంట్ రకం రెగ్యులేటర్ ఉంటుంది. స్టేటర్ ఎప్పుడూ తన శక్తి మేరకు కరెంటు ఇస్తూనే ఉంటుంది, బండికి అక్కర్లేని మిగతా భాగాన్ని రెగ్యులేటర్ షార్ట్ చేసి వేడి కింద పారేస్తుంది. కుళాయి పూర్తిగా తిప్పేసి, బిందె నిండాక మిగతా నీళ్ళు కాలవలోకి వదిలేసినట్టు. కాబట్టి మీరు లైట్లు ఆపినా, నెమ్మదిగా పోయినా, స్టేటర్ నుంచి వచ్చే మూడు వైర్లలో పూర్తి కరెంటు పారుతూనే ఉంటుంది. ఆ మూడు వైర్లు కలిసే ప్లాస్టిక్ కనెక్టర్‌లో ఒక పిన్ను కాస్త వదులైతే అక్కడ వేడి పుడుతుంది, వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది, ఇంకా వేడి. చివరికి కరుగుతుంది. మూడింట్లో ఒకటి పోయినా బండి నడుస్తుంది, బ్యాటరీ మాత్రం నిండదు. మీ రీడింగ్ అచ్చం అలాగే ఉంది.

సీటు కిందో, ఎడమ ప్యానెల్ లోపలో, రెగ్యులేటర్ నుంచి ఒకే రంగు వైర్లు మూడు (ఎక్కువగా పసుపో తెలుపో) వచ్చి చేరే కనెక్టర్ వెతకండి. పక్కకి లాగి వాసన చూడండి. నిజంగానే, వాసన చూడండి.

చెయిన్‌ల్యూబ్_చిన్నా
మధ్యలో వస్తున్నా, సెకండ్ హ్యాండ్ అన్నారు కదా, అది ట్రాక్ మీద తిరిగిన బండేమో చూశారా? ఆయిల్ డ్రెయిన్ బోల్టు తలకి అడ్డంగా సన్నటి రంధ్రం ఉందా చూడండి. రేసులో ఆ బోల్టు ఊడకుండా తీగ కడతారు, దానికోసం వేసిన రంధ్రం. బండి కడిగినా, స్టిక్కర్లు మార్చినా ఆ రంధ్రాన్ని మాత్రం ఎవరూ పూడ్చరు. బ్రేక్ కాలిపర్ బోల్టులు కూడా చూడండి.

స్పానర్_బాబాయ్
బలే పట్టావు చిన్నా. ఇంకొకటి, హ్యాండిల్ పూర్తిగా ఒక వైపు తిప్పి, స్టీరింగ్ ఆగే చోట ఫ్రేమ్ మీద ఉన్న చిన్న దిమ్మ చూడండి. నలిగినట్టో, పెయింట్ లేచినట్టో ఉంటే బండి గట్టిగా పడిందని అర్థం. ఫెయిరింగ్‌లు (బయటి ప్లాస్టిక్ తొడుగులు) కొత్తవి వేసేస్తారు, లివర్లు మార్చేస్తారు, దాన్ని మార్చడం కుదరదు. ఫోర్క్ గొట్టాల మీద వేలు నిలువునా జారించి చూడు, ఆయిల్ చార కనిపిస్తే సీల్ పోయినట్టు. ఆ ఆయిల్ బ్రేక్ ప్యాడ్ల మీద పడితే కథ వేరే ఉంటుంది.

రెడ్‌లైన్_రాజా
ట్రాక్ బండైతే మాత్రం తప్పేంటి? ట్రాక్ వాడు ఆయిల్ నెలకోసారి మారుస్తాడు. షోరూమ్ మెరుపు పోకుండా కవర్ కప్పి మూడేళ్ళు పెట్రోలు కూడా మార్చకుండా ఉంచినవాడి బండి కంటే నేను అదే కొంటా.

చెయిన్‌ల్యూబ్_చిన్నా
కొనొచ్చు, చెప్పి అమ్మితే. దాచి అమ్మితేనే బాధ.

నత్తనడక_150
నా 150ని ఎవరైనా ట్రాక్ మీద తిప్పి ఉంటే బాగుండు, ఆ వంకతో అయినా ఎవరో ఆయిల్ మార్చి ఉండేవారు.

సైలెంట్_పిస్టన్
దొరికింది!!! ఫోటో పెట్టడం రావట్లేదు, రాసి చెప్తా. వెనక సీటు కింద, తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్. బయటికి బాగానే కనిపిస్తోంది. విడదీద్దామంటే రాలేదు, గట్టిగా లాగితే ఒక్కసారిగా ఊడింది. లోపల మూడు పిన్నుల్లో మధ్యది నల్లగా అయిపోయింది, దాని చుట్టూ ప్లాస్టిక్ కరిగి కారి మళ్ళీ గట్టిపడింది, వైరు పైతొడుగు రెండంగుళాల దాకా గోధుమ రంగుకి తిరిగి పట్టుకుంటే పెళుసుగా విరుగుతోంది. వాసన కూడా చూశాను, కాలిన ప్లాస్టిక్. డ్రెయిన్ బోల్టుకి రంధ్రం లేదు, చిన్నా గారూ. స్టీరింగ్ దిమ్మ కూడా బాగుంది.

వైరింగ్_పిచ్చోడు
చెప్పానా!

ఇప్పుడు ఇలా చేయండి. ముందు ఆ కనెక్టర్ విడిగా ఉండగానే స్టేటర్ వైపు మూడు వైర్లలో ప్రతిదానికీ ఇంజన్ బాడీకీ మధ్య కంటిన్యుటీ (కరెంటు పారే దారి ఉందా అని) చూడండి, రాకూడదు. వస్తే స్టేటర్ కాలింది. తర్వాత స్టార్ట్ చేసి 5,000 దగ్గర ఏసీలో పెట్టి రెండేసి వైర్ల మధ్య చూడండి, మూడు జతల్లోనూ దాదాపు ఒకే అంకె రావాలి. ఎంత రావాలో మీ బండి మాన్యువల్లో ఉంటుంది, అంతకంటే ముఖ్యం మూడూ సమానంగా ఉండటం. ఈ రెండూ పాసైతే స్టేటర్ బతికే ఉంది. పెళుసైన వైరు మంచి రాగి కనిపించేదాకా కత్తిరించేసి, కొత్త సీల్డ్ కనెక్టర్ వేయించండి. కాలినదాన్నే ఉప్పు కాగితంతో రుద్ది మళ్ళీ పెట్టకండి.

టార్క్_తాత
కనెక్టరే వద్దు. మూడూ నేరుగా కలిపి సోల్డర్ పెట్టి పైన ట్యూబు వేసెయ్. నా బండికి అలాగే ఉంది.

వైరింగ్_పిచ్చోడు
తాతా, సోల్డర్ పెట్టిన చోటు వైరు బిరుసుగా అయిపోయి, వైబ్రేషన్‌కి దాని అంచు దగ్గరే తెగుతుంది. మంచి క్రింపే (పిన్నుని వైరు మీద నొక్కి బిగించడం) నయం.

టార్క్_తాత
మీరంతా పుట్టకముందు పెట్టిన సోల్డర్ ఇంకా ఉందిరా.

వైరింగ్_పిచ్చోడు
ఆ బండి వైబ్రేషన్‌కి సోల్డర్ కాదు, బోల్టులే భయపడి కదలకుండా ఉంటాయి.

క్లిప్ఆన్_కవిత
😂 మీరిద్దరూ వేరే గదిలోకి వెళ్ళి కొట్టుకోండి.

వీకెండ్_వీరుడు
ఇదంతా చూశాక నాకు ఒకటి అర్థం కాలేదు. ఇన్ని కష్టాలుంటే "నమ్మదగ్గ బండి" అని ఎలా అంటున్నారు?

స్పానర్_బాబాయ్
అడగాల్సిన ప్రశ్నే. నా లెక్కలో ఇంజన్, గేర్‌బాక్స్ ఆగిపోయి రోడ్డు మీద వదిలేస్తేనే నమ్మకం లేనట్టు. అది అరుదు. ఇక్కడ పోయింది ఏంటి? వేలెడంత కనెక్టర్. ఈ బళ్ళు బాగా కట్టినవే, కానీ చూసుకోమని అడుగుతూనే ఉంటాయి, మామూలు బండిలా ఏళ్ళ తరబడి ఊరుకోవు. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి మార్చాలి, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, మార్చకపోతే గట్టిగా బ్రేకులేసినప్పుడు మరిగి లివర్ మెత్తబడుతుంది. ఆయిల్ జాసో ఎంఏ2 (బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని రాసి ఉన్నదే పోయాలి, కార్లకి వాడే ఫ్రిక్షన్ తగ్గించే ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. పెట్రోలు సంగతి కూడా, 13:1 కంప్రెషన్ ఇంజన్‌కి మాన్యువల్లో ఎంత ఆక్టేన్ రాసి ఉంటే అంత పోయాల్సిందే. ఇవి చేసేవాడికి లక్ష కి.మీ. అయినా ఇంజన్ విప్పక్కర్లేదు. చేయలేనివాడికి ట్విన్ ప్రేమికుడు చెప్పిందే మేలు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

చెయిన్‌ల్యూబ్_చిన్నా
అసలు ఖర్చు గురించి ఎవరూ రాయలేదు: వెనక టైరు. బండితో వచ్చే మెత్తటి టైరు 5,000 కి.మీ. అటూ ఇటూగా మధ్యలో చదునైపోతుంది, అంచులు మాత్రం కొత్తగా మెరుస్తూ ఉంటాయి. ఊళ్ళో నేరుగా పోయేవాళ్ళకి స్పోర్ట్ టూరింగ్ టైరే సరైనది, మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తది ఉంటుంది, చాలా ఎక్కువ దూరం వస్తుంది, వర్షంలో కూడా త్వరగా వేడెక్కుతుంది. గాలి ముందు 36, వెనక 42, చల్లగా ఉన్నప్పుడు కొలిచి. ట్రాక్ వాళ్ళు 30 లోపు పెడతారని ఎక్కడో చూసి రోడ్డు మీద పెట్టేవాళ్ళు ఉన్నారు, దండం. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. సెకండ్ హ్యాండ్ బండిలో టైరు గాళ్ళు ఎంత లోతున్నాయో కాదు, ముందు ఆ అంకె చూడండి.

ఇక చెయిన్. నా హ్యాండిల్ పేరుకి న్యాయం చేయాలి కాబట్టి చెప్తున్నా, వదులు ఉందని భయపడి బిగించేవాళ్ళే ఎక్కువ. బిగుతు చెయిన్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని తింటుంది, దాన్ని మార్చాలంటే ఇంజన్ విప్పాలి.

నత్తనడక_150
నీ హ్యాండిల్ పేరు వల్లే నీ ప్యాంటు మీద ఎప్పుడూ నల్ల చుక్కలా?

చెయిన్‌ల్యూబ్_చిన్నా
వెనక కూర్చునేవాళ్ళ ప్యాంటు మీద. నా మీద పడవు.

సైలెంట్_పిస్టన్
స్టేటర్ పాస్ అయింది, మూడు జతలూ ఒకే అంకె. కనెక్టర్ మార్పించాను (క్రింప్, తాతగారు క్షమించాలి). ఇప్పుడు 5,000 దగ్గర 14.2. రేడియేటర్ కూడా సన్నటి నీటి ధారతో లోపలి వైపు నుంచి బయటికి కడిగాను. ట్రాఫిక్‌లో ఇంకా 103 దాకా పోతుంది కానీ కదలగానే గబగబా 85కి దిగుతోంది, ముందు అలా దిగేది కాదు. అమ్మే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టా, నత్తనడక గారికి నిరాశే.

చివరిగా ఒకటి. మీటర్లో 31,000 కి.మీ. ఉంది. వాల్వ్ క్లియరెన్స్ చూశారో లేదో పాత యజమానికీ గుర్తు లేదట, కాగితాలు లేవు. ఇంజన్ మాత్రం చాలా స్మూత్‌గా ఉంది, టిక్ టిక్ అనే శబ్దం ఏమాత్రం లేదు. శబ్దం వచ్చేదాకా ఆగొచ్చా?

స్పానర్_బాబాయ్
ఆగకు. అందరూ ఇక్కడే బోల్తా పడతారు. శబ్దం వచ్చేది క్లియరెన్స్ ఎక్కువైతే. ఈ ఇంజన్లలో మామూలుగా జరిగేది దానికి ఎదురు. ఎగ్జాస్ట్ వాల్వ్ రోజూ వేడిలో తన సీటుని కొట్టుకుంటూ కొంచెం కొంచెంగా లోపలికి దిగుతుంది, దాంతో క్లియరెన్స్ తగ్గుతుంది. తగ్గిన వాల్వ్ చప్పుడు చేయదు, ఇంకా స్మూత్‌గా అనిపిస్తుంది. ఇంకా తగ్గితే వేడెక్కినప్పుడు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారుతుంది, వేడి మీద స్టార్ట్ కావడం కష్టమవుతుంది, ఐడిల్ ఊగుతుంది, చివరికి వాల్వ్ అంచు కాలుతుంది. అప్పుడు కూడా నీకు చప్పుడు వినిపించదు.

కాగితం లేకపోతే చూడలేదనే లెక్క. రాత్రంతా ఆపి ఉంచిన చల్లటి ఇంజన్ మీదే కొలవాలి. బండి వేడిగా తీసుకెళ్తే రెండు గంటల్లో చూసిస్తానన్న మెకానిక్ దగ్గర పెట్టకు. పదహారు కొలతలూ కాగితం మీద రాసి ఇవ్వమను, షిమ్ (ఆ సందు సర్దే బిళ్ళ) మార్చినవాటికి పాత సైజు, కొత్త సైజు కూడా. మళ్ళీ ఎవరైనా ఎప్పుడైనా చూసినప్పుడు ఏ వాల్వ్ ఎంత దిగిందో ఆ కాగితమే చెప్తుంది. ట్యాంకు, ఎయిర్‌బాక్స్ ఎలాగూ విప్పుతారు కాబట్టి ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ అప్పుడే మార్చెయ్, మళ్ళీ ఆ కూలి దండగ.

సైలెంట్_పిస్టన్
సరే బాబాయ్, ముందు రోజు రాత్రే దింపి వస్తా.

రెడ్‌లైన్_రాజా
కొలతల కాగితం ఇక్కడ పెట్టండి, మా బండికీ అదే వయసు, పోల్చుకుంటా.

వైరింగ్_పిచ్చోడు
పెట్టాలంటే కంపెనీ పేరు చెప్పాలి కదా 😏

సైలెంట్_పిస్టన్
కొలతలు మాత్రమే పెడతా.